ఇంపైన యాస, పనికిరాని మనిషి

ఐర్లండు పాట వింటూ "ఆ యాస ఎంత ముద్దుగా ఉన్నదో!" అనని వాళ్ళు అరుదు. స్కాట్లండువాడు రకారాన్ని నాలుక మీద దొర్లించినా, యార్క్‌షైర్ రైతు లండనువాడు సాగదీసే అచ్చును పొట్టిగా పలికినా, వినేవాళ్ళకు సరదా కలుగుతుంది. ఇంగ్లీషు చదువుకున్న మన వాళ్ళకూ ఈ సరదా ఉన్నది. కెల్టిక్ సంగీతం అనే పేరుతో అమ్ముడుపోయే పాటలకు ఈనాడు అన్ని దేశాలలోనూ శ్రోతలున్నారు. ఈ ఆనందం తప్పని ఎవరూ అనరు. అయితే ఆనందం కలిగిందన్నంత మాత్రాన విమర్శకుడి పని అయిపోదు. ఒక యాస ముద్దుగా ఉన్నదని అన్నప్పుడు మనం ఆ యాసలో మాట్లాడే మనిషిని గౌరవిస్తున్నామా, లేక అతన్ని ఒక మూల కూర్చోబెడుతున్నామా?

పసివాడి మాటలు ముద్దుగా ఉంటాయి. అందుకని ఇంటి వ్యవహారాలలో పసివాడి సలహా ఎవరూ అడగరు. ముద్దు అనే మాటలో ప్రేమ ఎంత ఉన్నదో, పెత్తనమూ అంతే ఉన్నది. ఎవరి మాటకు చెల్లుబడి ఉన్నదో వాళ్ళ మాటను మనం ముద్దుగా ఉన్నదనము; సరిగా ఉన్నదంటాము.

ఈ సంగతి కెల్టిక్ అనే మాట చరిత్రలోనే స్పష్టంగా కనిపిస్తుంది. ఐరిష్, స్కాటిష్ గేలిక్, వెల్ష్, బ్రెటన్ మొదలైన భాషల మధ్య ఉన్న చుట్టరికాన్ని 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే వెల్ష్ పండితుడు శాస్త్రీయంగా నిరూపించాడు. అప్పటికది భాషాశాస్త్రానికి సంబంధించిన విషయం మాత్రమే. తరువాతి కాలంలో అది ఒక మనస్తత్వానికి పేరయింది. కెల్టులు భావుకులనీ, స్వాప్నికులనీ, లోకవ్యవహారం చేతగానివాళ్ళనీ ఇంగ్లండులో ఒక ఊహ స్థిరపడింది. ఈ ఊహకు పాండిత్య గౌరవం కల్పించినవాడు మాథ్యూ ఆర్నల్డ్. ఆయన ఆక్స్‌ఫర్డులో చేసిన ఉపన్యాసాలు 1867లో పుస్తకంగా వచ్చాయి. కెల్టిక్ సాహిత్యంలో ఉన్న మాంత్రికతనూ, ప్రకృతి తాదాత్మ్యాన్నీ అందులో ఆయన మనసారా పొగిడాడు. అదే పుస్తకంలో, నిత్యవ్యవహారంలో నుంచి వెల్ష్ భాష ఎంత త్వరగా తొలగిపోతే అంత మంచిదని కూడా అన్నాడు. ఆయన వృత్తిరీత్యా పాఠశాలల ఇనస్పెక్టరు.

ఇది ఆయన వ్యక్తిగత వైరుధ్యమని కొట్టిపారేయటానికి వీల్లేదు. ఆ శతాబ్దంలో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్క వేలాడదీసే బడులున్నాయి. స్కాట్లండులో 1872 విద్యాచట్టం గేలిక్ భాష ఊసే ఎత్తలేదు. ఐర్లండులో 1845 నుంచి 1852 దాకా సాగిన కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు, అంతకు మించినవాళ్ళు దేశం వదిలిపోయారు. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నది ఐరిష్ మాట్లాడే పేద జిల్లాలే. కెల్టుల విషాదమాధుర్యాన్ని లండనులో ఆస్వాదిస్తున్న కాలమూ, ఆ విషాదానికి కారణాలను పెంచిపోషించిన కాలమూ ఒకటే. బతికి ఉన్న భాషను చంపటమూ, చచ్చిన భాష మీద కవిత్వం చెప్పటమూ ఒకే నాగరికత చేసిన పనులు.

ఇంత తెలిసిన తరువాత ఆ సంగీతాన్ని వదిలిపెట్టాలా? అక్కర్లేదు. దాన్ని ఇంకా బాగా వినాలి. మంచు, కొండలు, వీణ మీటే ముసలివాడు అనే అట్టమీది బొమ్మను పక్కన పెట్టి, వాద్యం ఏం చేస్తున్నదో వినాలి.

ఐరిష్ నృత్య సంగీతంలో రీల్ చతురస్ర గతిలో నడుస్తుంది. జిగ్ మూడేసి అక్షరాల జంటగా, మన తిస్రంలాగా నడుస్తుంది. చాలా బాణీలకు ఆధారమైన స్వరక్రమాలు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని మేజరు, మైనరు చట్రాలలో ఇమడవు. వాళ్ళు డోరియన్ అనే దానిలో మన ఖరహరప్రియ స్వరాలూ, మిక్సోలిడియన్ అనే దానిలో హరికాంభోజి స్వరాలూ ఉన్నాయి. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు గాని, తెలుగు శ్రోతకు ఆ బాణీలు పరాయిగా తోచకపోవటానికి ఇదొక కారణం కావచ్చు. పాట కింద ఆగకుండా మోగే శ్రుతి మరొక కారణం. తిత్తితో శ్రుతి పట్టే పద్ధతి మన జానపద గాయకులకూ కొత్త కాదు.

గమనించవలసిన విషయం ఇంకొకటి ఉన్నది. మాటకు ఉన్నట్టే ఆ సంగీతానికీ యాసలున్నాయి. డానెగాల్ ఫిడేలువాడు కమానును చిన్న చిన్న దెబ్బలుగా, స్వరానికొక దెబ్బగా ఆడిస్తాడు. స్లైగోవాడు అనేక స్వరాలను ఒకే కమానులో కలుపుతూ, అలంకారాలు దట్టించి, ఎగిరెగిరిపడే నడకలో వాయిస్తాడు. కార్క్, కెరీ సరిహద్దుల్లో పోల్కాలూ, స్లైడులూ ఎక్కువ. ఒకే బాణీ జిల్లా మారితే మరొక మనిషిలాగా వినిపిస్తుంది. స్లైగోలో 1891లో పుట్టిన మైకేల్ కోల్‌మన్ అమెరికాకు వలసపోయి, 1920ల నుంచి న్యూయార్కులో గ్రామఫోను రికార్డులిచ్చాడు. ఆయన అసాధారణ వాద్యకారుడు. ఆ రికార్డులు తిరిగి ఐర్లండుకు చేరాయి. తమ ఊరి పద్ధతి మోటుదనీ, రికార్డులో ఉన్నదే అసలైన పద్ధతి అనీ అనుకుని, చాలామంది కుర్రవాళ్ళు స్లైగో బాణీ పట్టారు. ప్రామాణికం ఎప్పుడూ దొరల ఇళ్ళలోనే పుట్టదు. వలస కూలీల నగరంలో, ఒక యంత్రం సహాయంతో కూడా పుడుతుంది. ఒక యాస ప్రామాణికం కావటానికి దానిలో ఉన్న గొప్పతనం కన్నా, దాన్ని ఊరూరికీ మోసుకుపోయే సాధనం ఎవరి చేతిలో ఉన్నదన్నదే ముఖ్యం.

ఇంగ్లీషు మాట విషయంలో ఆ సాధనం మొదట బడి, తరువాత రేడియో. మన కళాశాలల్లో సరైన ఉచ్చారణ అని నేర్పింది పందొమ్మిదో శతాబ్దంలో ధనవంతుల పిల్లలు చదివిన వసతి పాఠశాలల్లో రూపొందిన ఉచ్చారణ. డేనియల్ జోన్స్ 1917లో తన ఉచ్చారణ నిఘంటువు ప్రకటించినప్పుడు ఆ సంగతి దాచలేదు. దక్షిణ ఇంగ్లండు పబ్లిక్ స్కూళ్ళలో చదివిన మగవాళ్ళున్న కుటుంబాల మాటనే తాను నమోదు చేశానన్నాడు. 1926లో బి.బి.సి. ఉచ్చారణ కోసం ఒక సలహాసంఘం వేసుకున్నది. ఆ తరువాత కొన్ని ఏళ్ళకు దానికి అధ్యక్షత వహించిన బెర్నార్డ్ షా డబ్లిను మనిషి! పూలమ్ముకునే పిల్ల ఉచ్చారణ మార్చుకుంటే దొరసానిగా చలామణి అవుతుందని నాటకంలో చూపి వర్గసమాజాన్ని ఎగతాళి చేసినవాడే ఆయన.

1941లో, యుద్ధం మధ్యలో, హాలిఫాక్స్ ఊరివాడైన విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత బి.బి.సి. జాతీయ వార్తలు చదివించింది. ఉత్తరాది యాసను జర్మన్లు అనుకరించటం కష్టమన్న ఆలోచన కూడా దీని వెనుక ఉన్నది. శ్రోతలలో కొందరు నొచ్చుకున్నారు, ఫిర్యాదులు వచ్చాయి. అదే యాసలో హాస్యం చెబితే వాళ్ళే హాయిగా నవ్వేవాళ్ళు. పాటకూ, హాస్యానికీ పనికివచ్చిన నోరు వార్తకు పనికిరాలేదు. యాసల విషయంలో సమాజం చేసే శ్రమవిభజన ఇదే.

అయినా కొన్ని శబ్దాలు సహజంగానే మధురం, కొన్ని సహజంగానే కర్కశం కావచ్చు గదా అని కొందరు అడుగుతారు. దీన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. 1974లో ప్రకటించిన ఒక పరిశోధనలో, గ్రీకు భాష బొత్తిగా తెలియని బ్రిటిష్ విద్యార్థులకు ఏథెన్సు ఉచ్చారణనూ, క్రీటు ద్వీపపు ఉచ్చారణనూ వినిపించారు. గ్రీసులో ఏథెన్సు మాటకే గౌరవం. ఈ విద్యార్థులు మాత్రం రెండింటికీ చెప్పుకోదగిన తేడా చూపలేదు. ఎవరు పెద్దమనిషో తెలియని చెవికి పెద్దమనిషి మాటలో ప్రత్యేకమైన తీపి వినిపించలేదన్నమాట.

బి.బి.సి. పూనికతో 2004లో జరిగిన ఒక సర్వేలో అయిదు వేల పైచిలుకు మంది 34 యాసలకు మార్కులు వేశారు. ఆకర్షణ లెక్కలో దక్షిణ ఐర్లండు, స్కాట్లండు యాసలు పై వరసలో నిలిచాయి. ప్రతిష్ఠ అనే లెక్కకు వచ్చేసరికి రాణిగారి ఇంగ్లీషు పైకెక్కింది, ఐర్లండు యాస వెనక్కి తగ్గింది. బర్మింగ్‌హామ్ యాస అట్టడుగున పడింది. బర్మింగ్‌హామ్ చేసిన నేరమేమిటి? ఐర్లండు మాట వినగానే శ్రోతకు పచ్చిక బయళ్ళు గుర్తుకు వస్తాయి. బర్మింగ్‌హామ్ మాట వినగానే ఫ్యాక్టరీ పొగ గుర్తుకు వస్తుంది. దూరాన ఉన్న రైతు అందంగా ఉంటాడు. పక్క వీధిలో ఉన్న కార్మికుడు అందంగా ఉండడు, అతను జీతం పెంచమని అడుగుతాడు.

పండితులు కూడా ఈ మొగ్గుకు అతీతులు కారు. 1950 నుంచి 1961 దాకా లీడ్స్ విశ్వవిద్యాలయం ఇంగ్లండు మాండలికాలను సర్వే చేసింది. హెరాల్డ్ ఆర్టన్ నాయకత్వంలో 313 చోట్ల సాగిన ఆ కృషి అమూల్యమైనది. అయితే వాళ్ళు వెతికి పట్టుకున్నది ఎక్కువగా పల్లెటూరి వృద్ధులను, అందులోనూ మగవాళ్ళను. ఆడవాళ్ళు, నగర కార్మికులు ఆ చిత్రంలో సరిగా కనిపించరు. పాత మాట అంతరించకముందే పట్టుకోవాలన్న తొందరలో, కొత్త మాట ఎక్కడ పుడుతున్నదో చూడటం తగ్గింది.

యాసను ముద్దు చెయ్యకుండా దానికి చోటివ్వటం ఎట్లాగో చూపిన కృషి కూడా ఆ దశకంలోనే జరిగింది. 1957 ఫిబ్రవరి 9న జాన్ ఆక్సన్ అనే రైలు డ్రైవరు నడుపుతున్న గూడ్సు బండి ఇంజనులో ఆవిరి గొట్టం పగిలింది. మరిగే ఆవిరిలో కూడా ఆయన ఇంజను వదిలి దూకకుండా బండిని ఆపటానికి ప్రయత్నిస్తూ చనిపోయాడు. ఈవన్ మెకాల్, చార్లెస్ పార్కర్, పెగీ సీగర్ కలిసి ఈ ఉదంతాన్ని రేడియో గాథగా తయారుచేశారు. అది 1958 జులై 2న ప్రసారమయింది. అంతవరకూ ఉన్న ఆనవాయితీ ప్రకారం కార్మికులు చెప్పిన మాటలను రాసుకుని, స్టూడియోలో నటుల చేత చెప్పించాలి. వీళ్ళు ఆ పని చెయ్యలేదు. రైల్వే కార్మికుల గొంతులనే ప్రసారం చేశారు. వాళ్ళ మాటల నడకలో నుంచి పాటల నడక తీసుకున్నారు.

1964 దాకా ఇటువంటివి ఎనిమిది వచ్చాయి. గని కార్మికుల మీద ఒకటి, చేపలుపట్టేవాళ్ళ మీద ఒకటి. ఈ రెండోదానిలో నార్‌ఫోక్ జాలరి సామ్ లార్నర్ తన బతుకును తన యాసలో చెబుతాడు. వింటున్నప్పుడు ఆ యాస ముద్దుగా ఉన్నదా లేదా అన్న ప్రశ్నే రాదు. పడవ ఎప్పుడు బయలుదేరిందో, వల ఎట్లా లాగారో, చేపకు ధర దక్కనినాడు ఏం తిన్నారో వినవలసి వస్తుంది. సంగీతమూ ఆ పనిలో నుంచే లేస్తుంది.

మెకాల్ ప్రయోగంలో లోపాలు లేకపోలేదు. ఎవరి పాట వారు తమ భాషలో, తమ సంప్రదాయంలోనే పాడాలని ఆయన నడిపిన గాయకుల క్లబ్బు నియమం పెట్టుకున్నది. ఉద్దేశం మంచిదే, అమెరికా పాటల వట్టి అనుకరణను ఆపటం. కాని నియమం బిగిసేకొద్దీ అది మరొక ఉచ్చారణ నిఘంటువు అవుతుంది. మెకాల్ అసలు పేరు జేమ్స్ మిల్లర్. స్కాటిష్ తల్లిదండ్రులకు ఇంగ్లండులోని సాల్‌ఫర్డులో పుట్టినవాడు. ఆయన 1949లో సాల్‌ఫర్డు మీద రాసిన 'డర్టీ ఓల్డ్ టౌన్' అనే పాటను డబ్లిను గాయకులు అందుకుని ప్రచారం చేసిన తరువాత, లోకంలో చాలామంది దాన్ని ఐరిష్ పాట అనుకుంటున్నారు. ఇంగ్లండులోని ఒక ఫ్యాక్టరీ పట్టణం కెల్టిక్ సంగీతమయింది! స్వచ్ఛత కోసం వెతికేవాళ్ళకు ఇది తలనొప్పి. వలస కార్మికులు ఎక్కడ పనిచేస్తే అక్కడ పాట కలుస్తుందని తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు.

వామపక్షంలోనే వచ్చిన మరొక వివాదం మనకు ఇంకా ముఖ్యం. 1964లో 'స్కాట్స్‌మన్' పత్రికలో కవి హ్యూ మెక్‌డయర్మిడ్‌కూ, జానపద గేయ సేకర్త హేమిష్ హెండర్సన్‌కూ వాదం జరిగింది. మెక్‌డయర్మిడ్ కమ్యూనిస్టు. స్కాట్స్ భాషలో 1926లో దీర్ఘకావ్యం రాసి, ఆ భాష ఆధునిక భావాలను మోయగలదని నిరూపించిన మహాకవి. అటువంటివాడు జానపద గీతాలను వెనుకబాటుతనానికీ, అజ్ఞానానికీ గుర్తులుగా చూశాడు. ప్రజలకు కావలసింది అత్యున్నత కళ అన్నాడు. హెండర్సన్ గ్రాంసీ జైలు ఉత్తరాలను ఇంగ్లీషులోకి అనువదించినవాడు. అణగారిన వర్గాల లోకదృష్టి వాళ్ళ పాటల్లో ఉన్నదనీ, దాన్ని తెలుసుకోకుండా ప్రజల కోసం కళ సృష్టించటం సాధ్యం కాదనీ ఆయన పక్షం.

మెక్‌డయర్మిడ్ భయంలో నిజం ఉన్నది. పాతపాటను పూజించటం అలవాటయితే పాత సమాజాన్ని పూజించటం కష్టం కాదు. అయినా ఆయన చేసిన పొరపాటు, పాటను మాత్రమే చూసి పాడేవాళ్ళను చూడకపోవటం. 1953లో అబర్డీనులో హెండర్సన్‌కు ఒక గొప్ప గాయని పరిచయమయింది. ఆమె పేరు జీనీ రాబర్ట్‌సన్. ఆమె దేశదిమ్మరులని లోకం చిన్నచూపు చూసే సంచార కులానికి చెందినది. పాత గాథాగేయాలను ఆమెలా పాడగలవాళ్ళు అరుదని ఆ సంగీతం ఎరిగినవాళ్ళంటారు. ఐర్లండులోనూ ఇంతే. తిత్తివాద్యంలో ఈనాటికీ ఆదర్శంగా చెప్పుకునే జానీ డోరన్ బండిలో కాపురముంటూ సంతలవెంట తిరిగిన సంచారి. ఆయన వాద్యాన్ని ఐరిష్ జానపద పరిశోధక సంస్థ 1947లో రికార్డు చెయ్యటం వల్ల అది మనకు మిగిలింది. అటువంటి వాళ్ళ బతుకును 1963లో ఐరిష్ ప్రభుత్వ సంఘం ఒక సమస్యగా భావించి, వాళ్ళను మిగతా జనంలో కలిపివేయటమే పరిష్కారమన్నది. వాళ్ళొక ప్రత్యేక జాతిసమూహమని ఐరిష్ ప్రభుత్వం గుర్తించింది 2017లో.

కెల్టిక్ సంగీతం ఇంపు అన్నవాళ్ళు ఆ సంగీతాన్ని మోసుకొచ్చినవాళ్ళను ఊరి పొలిమేరలో కూడా ఆగనివ్వలేదు. మెకాల్ బృందం చేసిన ఎనిమిదో గాథ, ఆఖరు గాథ, ఈ సంచారుల గురించే కావటం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ముద్దయిన యాసల వరసలో ఎవరూ చేర్చని గొంతులను అది వినిపించింది.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. బ్రిటనులో 2022లో వెలువడిన ఒక నివేదిక, యాసలకున్న పాత అంతస్తులు పెద్దగా మారలేదని చెప్పింది. అందులో పారిశ్రామిక నగరాల యాసలతో పాటు భారతీయుల ఇంగ్లీషు కూడా కింది మెట్టునే ఉన్నది. అక్కడ పనిచేస్తున్న తెలుగువాళ్ళందరికీ ఈ అంచనా వర్తిస్తుంది. ఐరిష్ యాసను ముచ్చటపడి వినే తెలుగు ఇంజనీరు తన యాసను మాత్రం దాచుకోవటానికి తంటాలు పడుతున్నాడు. అతనే సొంత ఊళ్ళో శ్రీకాకుళం మాటకూ, తెలంగాణా మాటకూ సినిమా హాస్యగాడి పాత్రలో చప్పట్లు కొట్టి, పాఠం చెప్పే ఉపాధ్యాయుడి నోట అదే మాట వినిపిస్తే మొహం చిట్లిస్తే, అన్యాయం గురించి మాట్లాడే హక్కు అతనికి సగమే ఉంటుంది.

వేరే దారి మనవాళ్ళకు తెలియనిది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం జిల్లా జిల్లాకూ రైతుల నోట ఉన్న వ్యవసాయపు మాటలను శాస్త్రంగా నమోదు చేసింది. ముద్దుగా ఉన్నాయని కాదు, పని జరిగేది ఆ మాటలతోనే గనక.

యాసను చూసి ఆనందపడేవాళ్ళను పరీక్షించటానికి ఒకే ఒక ప్రశ్న చాలు. ఈ యాసలో పాట విన్నావు, బాగున్నది. రేపు ఇదే యాసలో ఒక మనిషి నీకు లెక్కలు చెబితే, నీ రోగం ఏమిటో చెబితే, న్యాయస్థానంలో తీర్పు చదివితే, నీ సంఘానికి అధ్యక్షుడై ఆజ్ఞ ఇస్తే వింటావా? వింటానన్నవాడి ఆనందం నిజమైనది. అతనికి జీనీ రాబర్ట్‌సన్ పాటలో మాధుర్యం తగ్గదు. ఎవరు పాడుతున్నారో, ఎందుకు పాడుతున్నారో తెలిసి వింటాడు గనక, ఇతరులకు వినిపించనిది కూడా అతనికి వినిపిస్తుంది.